ముంపు చేలో ముందు ఎవరికి తెలుస్తుంది?



సార్వా నాట్లు పడ్డాక వాయుగుండం పట్టిందంటే, కోనసీమ రైతు ఆకాశం వైపు ఒకసారి చూస్తే మురుగు కాలువ వైపు పదిసార్లు చూస్తాడు. ఎంత వాన కురిసిందన్నది అతనికి రెండో సంగతి. కురిసిన నీరు ఎన్నాళ్లకు దిగుతుందన్నది మొదటి సంగతి. అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరితోటల నడుమ పల్లపు చేలల్లో, మొన్న మొన్న నాటిన పైరు కొసలు కూడా కనపడకుండా నీరు నిలిచిన రోజులు మనకు కొత్త కాదు. ఆ నీటి అడుగున వరిమొక్క ఊరికే పడి ఉండదండీ. దాని వేళ్లలో, మొవ్వులో, ఆకుల్లో, ఒక్కో కణంలో బోలెడు పని మొదలవుతుంది. ఆ పనిని మొదలెట్టించే కబురు ఒకటి కణం లోపలే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళుతుంది. మైటోకాండ్రియా నుంచి కేంద్రకానికి వెళ్లే ఆ కబురు గురించే ఈ ప్రసంగం.

కేంద్రకం అంటే జన్యువులు ఉండే చోటు. మొక్క ఎత్తు, గింజ రంగు, పంటకాలం అన్నీ అక్కడే రాసి ఉంటాయని, కణంలో తక్కినవన్నీ దాని ఆజ్ఞ పాలిస్తాయని మనం బళ్లో చదువుకున్నాం. మైటోకాండ్రియా గురించి చదివింది వేరు. అవి కణంలోని శక్త్యాగారాలు. ఒక్కో కణంలో వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతు మాత్రం ఉంటుంది. ఆకు తయారుచేసిన చక్కెరను అంచెలంచెలుగా విరగ్గొట్టి, చివర ప్రాణవాయువుతో కలిపి, ఆ దారిలో పుట్టిన శక్తిని ఏటీపీ అనే పదార్థంగా మారుస్తాయి. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనకు వసిష్ఠ గోదావరి అవతల ఉన్న భీమవరంలో 1895లో పుట్టారు. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. వరికంకిలో గింజ పాలుపోసుకోవాలన్నా, కొబ్బరిచెట్టు కొత్త గెల తియ్యాలన్నా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే.

అయితే మైటోకాండ్రియా ఇంతటితో ఆగవు. కణానికి ఏ కష్టం వచ్చినా, అది నీటి ముంపు కానివ్వండి, చలి కానివ్వండి, ఉప్పునీరు కానివ్వండి, ముందుగా దెబ్బ తగిలేవాటిలో వాటి పని ఒకటి. కాబట్టి ముందుగా తెలిసేవాటిలో అవీ ఉంటాయి. ఆ తెలిసింది అవి కేంద్రకానికి చెప్పకపోతే కేంద్రకంలో కొన్ని మంచి జన్యువులు నిద్రలోనే ఉండిపోతాయి. నా దృష్టిలో మొక్కల శాస్త్రంలో గత ముప్పై ఏళ్లలో తేలిన పెద్ద సంగతుల్లో ఇదొకటి. రైతు దాకా మాత్రం ఇది రాలేదు.

మైటోకాండ్రియాకు ఇలా కబురు చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా. నూట యాభై కోట్ల ఏళ్ల కిందటో, ఇంకా ముందో, అవి ఇంకో కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టాయి. ఈ మాటను అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఈనాడు దాన్ని కాదనేవారు లేరు. ఆ కాపురానికి గుర్తుగా మైటోకాండ్రియాలో ఇప్పటికీ సొంత డీఎన్ఏ ఉంది. మన కొబ్బరి సంగతే చూడండి. కొబ్బరి మైటోకాండ్రియాలోని డీఎన్ఏ మొత్తాన్ని చదివి 2016లో ప్రచురించారు. దాని పొడవు 6,78,653 అక్షరాలు. మనిషి మైటోకాండ్రియాలో ఉన్నది 16,569 అక్షరాలే. అంటే మన దొడ్లో ఉన్న కొబ్బరిచెట్టు ఈ విషయంలో మనకంటే నలభై రెట్లు పొడవైన రాత మోస్తోంది.

పొడవు అంత ఉన్నా స్వతంత్రం మాత్రం లేదు. ఒక మైటోకాండ్రియా నడవాలంటే వెయ్యికి పైగా రకాల ప్రోటీన్లు కావాలి. మొక్కల్లో వాటి సొంత డీఎన్ఏ నుంచి వచ్చేవి కొన్ని పదులే. తక్కిన జన్యువులన్నీ కోట్ల ఏళ్లలో మెల్లమెల్లగా కేంద్రకానికి చేరిపోయాయి. ఇప్పుడు ఆ ప్రోటీన్లు కేంద్రకం రాత ప్రకారం బయట తయారై లోపలికి రావాలి. శ్వాసక్రియ జరిపే పెద్ద ప్రోటీన్ కూర్పుల్లో కొన్ని ముక్కలు ఇక్కడివి, కొన్ని ముక్కలు అక్కడివి. రెండూ సరిపోలకపోతే కూర్పు కుదరదు. అందుకే ఎంత కావాలో, ఏది తక్కువైందో, ఎక్కడ చెడిందో కేంద్రకానికి ఎప్పటికప్పుడు తెలియాలి.

మరి ఆ కబురు ఏ రూపంలో వెళుతుంది? మైటోకాండ్రియా లోపలి పొరలో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు చేతులు మారుతూ చివరికి ప్రాణవాయువును చేరతాయి. ఈ దారి ఎక్కడైనా మూసుకుపోతే ఎలక్ట్రాన్లు పేరుకుంటాయి. కొన్ని పక్కకు జారి, చివరిదాకా వెళ్లకుండానే ప్రాణవాయువుకు అంటుకుంటాయి. అప్పుడు పుట్టేది సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్. ఎక్కువైతే ఇవి కణాన్ని కాల్చేస్తాయి. కొద్దిగా పుట్టినప్పుడు ఇవే హెచ్చరికగా పనిచేస్తాయి. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు కదా. లంకల్లో ఉన్నవాళ్లు ఒక్కో హెచ్చరికకు ఒక్కో పని చేస్తారు. కణం కూడా అంతే. పెరాక్సైడ్ కొంచెం పెరిగితే ఒక జట్టు జన్యువులు లేస్తాయి, ఇంకా పెరిగితే ఇంకో జట్టు లేస్తుంది, హద్దు దాటితే కణం తనను తానే ముగించుకుంటుంది.

ఈ హెచ్చరికను కేంద్రకంలోకి మోసుకుపోయేది ఎవరో పట్టుకున్న తీరు చెబుతాను, వినండి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో జేమ్స్ వేలన్ బృందం చేసిన పని ఇది. అరబిడాప్సిస్ అని ఆవాల కుటుంబంలో జానెడు మొక్క ఒకటుంది. మొక్కల శాస్త్రవేత్తలంతా దాని మీదే ప్రయోగాలు చేస్తారు. మైటోకాండ్రియాకు కష్టం వచ్చినప్పుడు ఆ మొక్క కేంద్రకంలో తప్పనిసరిగా లేచే జన్యువు ఒకటుంది, ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అంటారు. ఆ జన్యువును లేపే మీటకు వీళ్లు మిణుగురు పురుగులో వెలుగు పుట్టించే జన్యువును తగిలించారు. మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల దారిని మూసేసే యాంటీమైసిన్ అనే మందు చల్లితే కబురు కేంద్రకానికి అందుతుంది, మీట పడుతుంది, మొక్క సన్నగా వెలుగుతుంది. మన కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. తర్వాత విత్తనాలకు రసాయనం పట్టించి జన్యువులు అక్కడక్కడా చెడేలా చేశారు. ఆ విత్తనాల నుంచి వచ్చిన నారును పరచి, మందు చల్లి, చీకటిగదిలో చూశారు. అన్నీ వెలుగుతుంటే కొన్ని మాత్రం చీకటిగా ఉండిపోయాయి. వాటిలో కబురు మోసే ప్రోటీనే చెడిందన్నమాట.

అలా దొరికినవాటిలో ముఖ్యమైంది ఏనాక్ 017 అనే ప్రోటీన్. 2013లో ప్రచురించారు. అదే ఏడాది బెల్జియంలోని ఘెంట్ శాస్త్రవేత్తలు దాని తోబుట్టువు లాంటి ఏనాక్ 013 గురించి రాశారు. ఏనాక్ 017 ఉండే చోటు విచిత్రం. కేంద్రకంలోనూ ఉండదు, మైటోకాండ్రియాలోనూ ఉండదు. రెంటి మధ్య పరచుకున్న అంతర్జీవద్రవ్య జాలకం పొరకు తోకతో అతుక్కుని ఉంటుంది. కష్టం లేనప్పుడు కదలదు. మైటోకాండ్రియా నుంచి హెచ్చరిక రాగానే ఒక ఎంజైమ్ ఆ తోకను కోస్తుంది. తల భాగం విడివడి కేంద్రకంలోకి పోయి, డీఎన్ఏలో తనకు చెందిన రాత ఉన్నచోట కూర్చుని జన్యువులను లేపుతుంది. ప్రోటీన్‌ను కొత్తగా తయారుచేసుకునే అవసరమే లేదు. ముందే చేసి, పొరకు కట్టి ఉంచుకుంది కాబట్టి తోక కోస్తే చాలు. పెరాక్సైడ్ పుట్టిన దగ్గర్నుంచి తోక తెగేదాకా మధ్యలో ఏమేం జరుగుతుందో ప్రయోగశాలల్లో ఇంకా తేలుస్తూనే ఉన్నారు.

అలా లేచిన ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ ఏం చేస్తుందంటే, మూసుకుపోయిన దారి పక్కనుంచి ఎలక్ట్రాన్లను నేరుగా ప్రాణవాయువుకు దాటించేస్తుంది. ఏటీపీ తగ్గుతుంది, కానీ పేరుకోవడం ఆగుతుంది. కణం కాలిపోకుండా నిలుస్తుంది. ఆ శక్తి ఏమవుతుందీ అంటారా? వేడిగా పోతుంది. ఆ వేడిని చేత్తో ముట్టుకుని చూడదగ్గ చోటు ఒకటి మన దగ్గరే ఉంది, కంద. మన లంకల్లోనూ తోటల్లోనూ వేసే కంద దుంపను తవ్వకుండా నేలలో వదిలేస్తే, తొలకరికి ఆకు కంటే ముందు ముదురు ఊదారంగు పువ్వు నేలలోంచి పొడుచుకొస్తుంది. కుళ్లిన మాంసం వాసన వేస్తుంది. ఈగలను, పేడపురుగులను పిలవడానికి ఆ వాసన. వాసన దూరం పోవాలంటే పువ్వు వెచ్చబడాలి, వెచ్చబడుతుంది కూడా. కంద కుటుంబంలోనే ఇంకో మొక్కలో ఆ వేడిని మొదలెట్టించేది సాలిసిలిక్ ఆమ్లమని 1987లో తేల్చారు. అది కేంద్రకంలో ఇదే ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ జన్యువును లేపుతుంది. తామరపువ్వు కూడా బయట చల్లగా ఉన్నా తన లోపల 30 నుంచి 36 డిగ్రీల వేడి నిలుపుకుంటుందని 1996లో ఆస్ట్రేలియాలో కొలిచి చెప్పారు. కంద పువ్వు పూస్తే శకునం మంచిది కాదని పెరికి పారేసేవారున్నారు. ఈసారి కనపడితే సాయంత్రం పూట దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూడండి. పిల్లలకూ చూపించండి.

ఈ రంగంలో తెలుగునాట జరిగిన పని కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య అగేపాటి రాఘవేంద్ర గారు, కొల్లిపర పద్మశ్రీ గారు 1990ల చివర బఠాణీ ఆకుల నుంచి తీసిన కణాల మీద పనిచేశారు. మైటోకాండ్రియా దారుల్లో ఒకదాన్ని యాంటీమైసిన్‌తో, ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ దారిని ఇంకో మందుతో కొద్దికొద్దిగా ఆపి చూశారు. ఏది ఆపినా పగటిపూట వెలుతురులో ఆకు చేసే కిరణజన్య సంయోగక్రియ పడిపోయింది. అంటే ఆకుపచ్చని హరితరేణువులు సాఫీగా నడవాలంటే మైటోకాండ్రియా తోడు కావాలి. పగలు ఆకు తయారుచేస్తుంది, రాత్రి శ్వాసిస్తుంది అని మనం రెండు ముక్కలుగా చదువుకున్నది చాలదని ఆ పని చూపింది. 2003లో ఈ విషయం మీద వారిద్దరూ రాసిన సమీక్షా వ్యాసం ప్రపంచమంతా చదివింది.

ఇప్పుడు అంబాజీపేటకు వద్దాం. ఇక్కడి ఉద్యాన పరిశోధన స్థానం పేరు చెబితే కొబ్బరి రైతులకు గోదావరి గంగ గుర్తొస్తుంది. మన తూర్పుకోస్తా పొడుగు రకం తల్లి, గంగబొండం తండ్రి. ఈ సంకరం ఎలా చేస్తారో చూసినవాళ్లకు తెలుసు. మనిషి చెట్టెక్కాలి. పొత్తి విచ్చిన గెలలో, ఒక్కో పుల్ల మీద వందలుగా ఉన్న మగపూలను ఒక్కటీ మిగలకుండా గిల్లేయాలి. ఆడపూలకు సంచి కట్టాలి. అవి విచ్చే వేళ చూసి మళ్లీ ఎక్కి గంగబొండం పుప్పొడి చల్లాలి. ఒక్కో గెలకు ఎన్నిసార్లు ఎక్కి దిగాలో చెట్టు ఎక్కే వాళ్లనడగండి. సంకర కొబ్బరి మొక్క అడిగినన్ని దొరకకపోవడానికి కారణాల్లో ఈ కష్టం ఒకటి.

వరిలో ఇంత పని మనిషి చెయ్యలేడు. ఒక్కో పువ్వులో ఆడ మగ రెండూ గింజంత చోటులో ఉంటాయి. అక్కడ ఈ పనిని మైటోకాండ్రియా చేసిపెడతాయి. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో పుప్పొడి పండని అడవి వరిమొక్క ఒకటి దొరికింది. ఆ వంశంలో మైటోకాండ్రియా తేడాగా ఉంటాయి. వాటిలోని ఒక జన్యువు పుప్పొడికి తిండి పెట్టే పొరను వేళకు ముందే చంపేస్తుంది. ఆ జన్యువు ఏదో 2013లో చైనా శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఇంకో రకం అడవి వరి వంశంలో అయితే మైటోకాండ్రియా కబురే పుప్పొడిని ఆపుతుంది. ఆ కబురుకు కేంద్రకంలో ఒక జన్యువు అతిగా లేస్తుంది, దాన్ని తగ్గిస్తే పుప్పొడి మళ్లీ పండుతుంది అని 2009లో జపాన్‌లో ఫుజీ, తోరియామా చూపించారు.

మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1994లో విడుదల చేసిన సంకర వరులు ఏపీహెచ్ఆర్ 1, ఏపీహెచ్ఆర్ 2 హైనాన్ అడవి వరి వంశపు తల్లుల నుంచి వచ్చినవే. మొదటిదానికి తండ్రి మారుటేరు రకమే అయిన వజ్రం. తండ్రి కేంద్రకంలో మైటోకాండ్రియా పెట్టే అడ్డును తొలగించే జన్యువులు ఉండాలి, లేకపోతే రైతు చేలో గింజ పట్టదు. తెలంగాణలో కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో సంకర వరి విత్తనం పండించే వేల ఎకరాల్లో మగ వరుసలు, ఆడ వరుసలు వేసి పుప్పొడి రాలేలా తాడు లాగేది మైటోకాండ్రియాకూ కేంద్రకానికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని నమ్ముకునే. కొబ్బరిలో ఇలాంటి తల్లి వంశం మనకు లేదు. ఉంటే అంబాజీపేటలో చెట్టెక్కే మనిషికి సగం కష్టం తగ్గేది. వెతకదగ్గ విషయం ఇది అని నా గట్టి నమ్మకం.

చివరగా, ముంపు చేలో ముందు ఎవరికి తెలుస్తుందన్న మొదటి ప్రశ్నకు వద్దాం. నీటిలో ప్రాణవాయువు కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. చేను మునిగిన కాసేపటికే వేరు కణాల్లో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఒక గ్లూకోజ్ నుంచి ముప్పై దాకా వచ్చే ఏటీపీ రెండుకు పడిపోతుంది. ఎలక్ట్రాన్లు పేరుకుంటాయి, పెరాక్సైడ్ పుడుతుంది, కబురు బయలుదేరుతుంది. మొక్కకు ప్రాణవాయువు తగ్గిందని తెలిసే దారి ఇదొక్కటే అనుకోకండి. నేరుగా ప్రాణవాయువు ఉంటేనే కరిగిపోయే కొన్ని ప్రోటీన్లు, అది లేనప్పుడు నిలిచి కేంద్రకంలోకి పోయే దారి ఇంకొకటి ఉంది. రెండు దారులూ కలిసి మొక్కను నిలబెడతాయి.

ముంపులో ఏనాక్ 017 పాత్రను ఇటలీలోని పీసా శాస్త్రవేత్తలు 2020లో వివరించారు. అరబిడాప్సిస్ లేతగా ఉన్నప్పుడు ముంపును బాగా ఓర్చుకుంటుంది, రెండు మూడు వారాలు దాటాక ఓర్చుకోలేదు. కబురు రెండు వయసుల్లోనూ ఒకేలా వెళుతోంది. ముదిరిన మొక్కలో మాత్రం అది లేపాల్సిన జన్యువుల దగ్గర డీఎన్ఏ గట్టిగా చుట్టుకుపోయి ఉంది. కబురు అందినా పని జరగదు. ఈ ముక్క చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. మొక్క అడిగింది, సమాధానం లేదు.

వరిలో సమాధానం ఒకటి ఒడిశాకు చెందిన పాత రకం ఎఫ్ఆర్ 13ఏలో ఉంది. దానిలోని సబ్1ఏ జన్యువును 2006లో గుర్తించారు. 1982లో మారుటేరు నుంచి వచ్చిన మన స్వర్ణలోకి దాన్ని చేర్చి, 2009లో స్వర్ణ సబ్1గా మన దేశంలో విడుదల చేశారు. ముంపులో ఎదుగుదల ఆపి, ఉన్న చక్కెర దాచుకుని, సుమారు రెండు వారాలు ఓర్చుకుంటుంది. నీరు తీశాక ఒక్కసారిగా వచ్చిపడే ప్రాణవాయువు చేసే నష్టాన్ని కూడా తట్టుకుంటుంది. ముంపు తీసిన మర్నాడే ఎండకు పైరు వడలిపోయి రైతు గుండె జారడం మనం చూస్తుంటాం. ఆ వడలడం వెనుక ఆ నష్టం కూడా ఉంది.

రెండు వారాలండీ. మొక్క తన శాయశక్తులా చేసుకోగలిగింది అంత. మామూలు రకాలకు అంత కూడా లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు చేలు బీడు పెట్టి క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు ముంపునీరు దిగకపోవడం గురించీ మొత్తుకున్నారు. విత్తనంలో సబ్1 పెట్టడం శాస్త్రవేత్తల పని, పెట్టారు. మురుగు కాలువల్లో పూడిక, గుర్రపుడెక్క తియ్యడం మన అందరి పని, అధికారులదీ ఆయకట్టు రైతులదీ. నాట్లకు ముందే, వేసవిలోనే, కౌశిక మురుగు కాలువ మొదలు మీ ఊరి చిన్న బోదె దాకా ఆ పని పూర్తయ్యేలా అడగండి, వెంటపడండి. పల్లపు చేలున్నవాళ్లు ఈ ఏడు విత్తనం కొనేటప్పుడు ముంపును ఓర్చే రకం ఏదని మారుటేరు వారినో, మీ వ్యవసాయ అధికారినో అడిగి మరీ కొనండి.